చుక్కల్లో రాళ్లేరుదాం రండి!

బియ్యంలో రాళ్లేరడం మనకెవరూ పాఠం చెప్పి నేర్పలేదు. చాట ఒళ్లో పెట్టుకుని వెలుతురు పడేచోట కూర్చుంటే, నోరు మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. గింజా తెలుపే, రాయీ తెలుపే. అయినా కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఇప్పుడంటే శుభ్రం చేసిన బియ్యం సంచులొచ్చి ఆ పని తగ్గిందిగానీ, మన అమ్మలూ అత్తలూ ఎన్ని బస్తాలు అలా ఏరి ఉంటారో!

అచ్చం ఇలాంటి పనే ముప్పై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు ఆకాశంలో చేస్తున్నారంటే నమ్ముతారా? వాళ్ల చాటలో బియ్యానికి బదులు నక్షత్రాలున్నాయి. ఏరుతున్నవి మాత్రం రాళ్లే! ఎక్కడో సుదూరాన ఉన్న నక్షత్రాల చుట్టూ తిరిగే, మన భూమిలా గట్టి నేల ఉన్న చిన్న చిన్న గ్రహాలు. ఒక్కటే తేడా. మనం రాయి దొరికితే విసిరి పారేస్తాం. వాళ్లు రాయి దొరికితే పండగ చేసుకుంటారు.

నేను సైన్సు చదివినదాన్ని కాదు. బి.ఏ. చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునే మామూలు గృహిణిని. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంట్లో కొన్నేళ్లుండి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాక మాకు ఒక డాబా దొరికింది. డాబాతోపాటు కాస్త ఆకాశం కూడా దొరికింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ ఆకాశాన్ని చూసి అడిగే ప్రశ్నలకి జవాబులు వెతకబోయి నేనూ ఇందులో పడ్డాను. చదివేకొద్దీ, ఇది మన ఆడవాళ్లకి బాగా అర్థమయ్యే విద్యే అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలూ.

దీపం ముందు దోమ

మన సూర్యుడూ ఒక నక్షత్రమే. దగ్గరగా ఉన్నాడు కాబట్టి అంత పెద్దగా కనిపిస్తాడు. మరి సూర్యుడి చుట్టూ బుధుడూ, శుక్రుడూ, భూమీ, కుజుడూ తిరుగుతున్నట్టే మిగతా నక్షత్రాల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతూ ఉండాలి కదా? ఉండాలనే అందరూ అనుకున్నారు. కానీ చూసినవాళ్లు లేరు.

ఎందుకంటే గ్రహానికి సొంత వెలుగు ఉండదు. మా వీధి చివర నిలబడితే విజయవాడ హైవే కనిపిస్తుంది. రాత్రిపూట దూరం నుంచి వచ్చే లారీ దీపం కళ్లలో పడుతూంటే, ఆ దీపం పక్కన ఎగిరే దోమ మనకి కనిపిస్తుందా? నక్షత్రం పక్కన గ్రహం సంగతీ అంతే.

అయితే ఆ దోమ దీపానికి అడ్డంగా వచ్చిందనుకోండి. దోమ కనిపించకపోయినా, దీపం వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది. ఆ పిసరుని కొలవగలిగితే దోమ ఉందని చెప్పొచ్చు. దాదాపు చిన్న గ్రహాలన్నీ దొరికింది ఈ ఉపాయంతోనే.

ఆ పిసరు ఎంతో మన లెక్కల్లో చెప్పుకుందాం. గురుడంత పెద్ద గ్రహం సూర్యుడికి అడ్డొస్తే వెలుగు వంద రూపాయల్లో ఒక్క రూపాయి తగ్గుతుంది. మన భూమి అడ్డొస్తే పన్నెండు వేల రూపాయల్లో ఒక్క రూపాయి! నెలంతా ఖర్చుపెట్టి, నెలాఖరున పద్దు చూసుకుని, 'ఒక్క రూపాయి తేడా వచ్చిందే!' అని పట్టుకునే ఇల్లాలి కన్ను కావాలన్నమాట.

పట్టుకుంటే మాత్రం సరిపోదు. ఆ రూపాయి తేడా ఒకసారి వస్తే నమ్మరు. నక్షత్రం మీద మచ్చ కావచ్చు, పరికరంలో లోపం కావచ్చు. ఒకే వ్యవధిలో కనీసం మూడుసార్లు రావాలి. మన భూమిలా ఏడాదికోసారి తిరిగే గ్రహమైతే మూడేళ్లు కాచుకు కూర్చోవాల్సిందే. పైగా ఆ గ్రహం మనకీ దాని నక్షత్రానికీ సరిగ్గా మధ్యలోంచి వెళ్లాలి. సూర్యుడూ భూమీ లాంటి జంటలు రెండువందలుంటే ఒక్కటే ఇలా మన చూపుకి ఎదురవుతుంది. రెండువందల ఇళ్లల్లో ఒక్క ఇంటి కిటికీ మాత్రమే మనవైపు ఉన్నట్టు!

విశాఖలో ఒకటి, రంగాపూర్‌లో ఒకటి

ఈ ఉపాయం మనవాళ్లకి కొత్తేమీ కాదు. శుక్రుడు కూడా చిన్న రాతి గ్రహమే. అది సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటడం అరుదుగా కనిపిస్తుంది. 1874 డిసెంబరు 9న అలా దాటినప్పుడు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు అనే ఆయన సొంత వేధశాల నుంచి దాన్ని గమనించి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఆ వేధశాల కట్టించింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు. మామగారి తర్వాత దాన్ని నడిపింది ఈ అల్లుడు. కట్నాల కథలు ఎన్నో విన్నాంగానీ, మామగారి టెలిస్కోపుని ఇంత అపురూపంగా చూసుకున్న అల్లుడి కథ మాత్రం నేనిదే వినడం! మన తరంలో 2004లోనూ 2012లోనూ శుక్రుడు అలా దాటాడు. మళ్లీ 2117లోగానీ రాదు.

ఇక మా ఇంటికి మరీ దూరం కాని సంగతి ఇంకొకటి. ఇబ్రహీంపట్నం దాటి మంచాల వైపు వెళ్తే జాపాల, రంగాపూర్ అనే ఊళ్లున్నాయి. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 1960ల చివర్లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. బేగంపేటలోని నిజామియా వేధశాల చుట్టూ నగరం పెరిగిపోతోంటే, చీకటి కోసం అంత దూరం వెళ్లారు. ఆచార్య కె.డి. అభ్యంకర్, ఆయన తోటివారూ అక్కడ ముఖ్యంగా చేసిన పనేమిటో తెలుసా? జంట నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడు వెలుగు ఎంత తగ్గుతుందో రాత్రుళ్లు కూర్చుని కొలవడం! అడ్డొచ్చేది నక్షత్రమైతే తగ్గుదల ఎక్కువ, గ్రహమైతే అతి తక్కువ. సూత్రం మాత్రం ఒక్కటే.

ఒక గ్రహం తన నక్షత్రానికి అడ్డు రావడాన్ని మొదటిసారి 1999లో పట్టుకున్నారు. అందుకు వాడిన వాటిలో ఒక టెలిస్కోపు వెడల్పు నాలుగు అంగుళాలే. మన రంగాపూర్ అద్దం అంతకు పన్నెండు రెట్ల వెడల్పు! అయితే అప్పుడు దొరికింది గురుడిలాంటి పెద్ద వాయుగోళం. పన్నెండు వేలల్లో ఒక్క రూపాయిని పట్టాలంటే గాలిపొర అడ్డు ఉండకూడదు, అంతరిక్షంలోకే వెళ్లాలి. మరోవైపు హైదరాబాదు వెలుగులు రంగాపూర్ వైపు పాకేకొద్దీ అక్కడ మసక చుక్కలతో పని కష్టమవుతూ వచ్చింది.

ఒప్పులకుప్ప లెక్క

గ్రహాన్ని పట్టుకునే రెండో ఉపాయం మనం చిన్నప్పుడు ఆడిన ఒప్పులకుప్ప ఆటలో ఉంది. ఒక పెద్దపిల్ల, ఒక చిన్నపిల్ల చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతున్నారనుకోండి. చిన్నది పెద్ద గుండ్రంగా తిరుగుతుంది. పెద్దది ఉన్నచోటే ఉన్నట్టుంటుందిగానీ, అది కూడా కాస్త అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. చీకట్లో చిన్నపిల్ల కనిపించకపోయినా, పెద్దపిల్ల ఊగడం చూసి 'ఎవరినో పట్టుకుని తిరుగుతోంది' అని చెప్పేయొచ్చు కదా!

నక్షత్రం కూడా అలాగే ఊగుతుంది. మనవైపు వచ్చేటప్పుడు దాని వెలుగు రవ్వంత నీలం వైపు, వెనక్కి పోయేటప్పుడు రవ్వంత ఎరుపు వైపు జరుగుతుంది. రైలు దగ్గరకొచ్చేటప్పుడు కూత ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపిస్తుంది చూడండి, అలాగే. 1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కెలో ఈ పద్ధతిలోనే '51 పెగాసి బి' అనే గ్రహాన్ని కనిపెట్టారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం అదే. అందుకు 2019లో వారిద్దరికీ నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. (అంతకు మూడేళ్ల ముందే, 1992లో, పల్సర్ అనే మృతనక్షత్రం చుట్టూ చిన్న గ్రహాలు దొరికాయి. చితి చల్లారాక మిగిలిన రాళ్లలాంటివి పాపం!)

51 పెగాసి బి రాతి గ్రహం కాదు, పెద్ద వాయుగోళం. చిన్నపిల్ల పట్టుకుంటే పెద్దపిల్ల ఎంత ఊగుతుంది? మన భూమి వల్ల సూర్యుడు ఊగేది సెకనుకి 9 సెంటీమీటర్లే. చీమ కంటే కాస్త గట్టిగా నడిచినట్టు! అందుకే రాళ్లు దొరకడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

రాయా? గాలా?

నీడ వల్ల గ్రహం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఊగడం వల్ల ఎంత బరువుందో తెలుస్తుంది. ఈ రెండూ తెలిస్తే, రాయో గాలో తేలిపోతుంది. బజార్లో కొబ్బరికాయ కొనేటప్పుడు మనం సైజు కంటితో చూసి, బరువు చేత్తో చూసి, చెవి దగ్గర ఆడించి లోపలి సంగతి చెప్పేయమూ? అదే లెక్క.

అలా 2009లో కోరో అనే ఉపగ్రహం ద్వారా 'కోరో-7బి' అనే గ్రహం రాతిదని మొదట తేలింది. అదే ఏడాది మార్చిలో అమెరికా వాళ్ల నాసా 'కెప్లర్' టెలిస్కోపుని పంపింది. చేయి చాపితే అరచేయి ఎంత కనిపిస్తుందో అంతటి ఆకాశపు ముక్క మీదే కెప్లర్ నాలుగేళ్లు కన్నార్పకుండా చూపు నిలిపింది. లక్షా యాభై వేల నక్షత్రాల వెలుగుని అరగంటకోసారి కొలిచింది.

ఆ కొలతల్లోంచి 2011 జనవరిలో 'కెప్లర్-10బి' బయటపడింది. కెప్లర్‌కి దొరికిన మొదటి ఖాయమైన రాతి గ్రహం అది. భూమికి దాదాపు ఒకటిన్నర రెట్లు. తన నక్షత్రానికి ఎంత దగ్గరంటే, ఇరవై గంటలకే ఒక చుట్టు పూర్తి. అంటే అక్కడ రోజూ ఉగాదే! కానీ పచ్చడి చేసుకునే వీల్లేదు, రాయి కూడా కరిగే వేడి. ఈ గ్రహం సంగతి తేల్చిన బృందానికి నాయకత్వం వహించింది నటాలీ బటాలా అనే మహిళ. నలుగురు పిల్లల తల్లి. ఆమె కూతురు నటాషా కూడా ఇప్పుడు ఇదే రంగంలో శాస్త్రవేత్త. తల్లీకూతుళ్లిద్దరూ కలిసి పరలోకాల గాలి పరీక్షిస్తున్నారన్నమాట!

2014 ఏప్రిల్లో 'కెప్లర్-186ఎఫ్' దొరికింది. మరీ వేడీ మరీ చలీ కాని, నీళ్లు నీళ్లలాగే నిలవగలిగే దూరంలో, ఇంచుమించు భూమి సైజులో దొరికిన మొదటి గ్రహమది. ఆ బృందాన్ని నడిపింది ఎలీసా క్వింటానా. ఆమె కూడా మహిళే.

2017 ఫిబ్రవరిలో వచ్చిన వార్త మరీ చిత్రం. 40 కాంతి సంవత్సరాల దూరంలో, కుంభరాశి దిక్కున 'ట్రాపిస్ట్-1' అనే బుల్లి ఎర్ర నక్షత్రం. గురుడి కంటే కాస్తే పెద్దది. దాని చుట్టూ ఏడు రాతి గ్రహాలు! నక్షత్రమే చిన్నది కాబట్టి, చిన్న గ్రహం అడ్డొచ్చినా వంద రూపాయల్లో అర్ధరూపాయో ముప్పావలావో తగ్గుతుంది. పన్నెండు వేలల్లో రూపాయి కంటే ఇది పట్టుకోవడం ఎంత తేలికో మీకే తెలుసు. చిన్న ఇంట్లో చిన్నవాళ్లు త్వరగా కంటబడతారు మరి!

2025 సెప్టెంబరు నాటికి ఇలా ఖాయపడిన పరాయి గ్రహాలు మొత్తం 6,000 దాటాయి. వాటిలో రాతివని నాసా లెక్కవేసినవి రెండువందలకు పైగా. ఆరు వేల గింజల్లో రెండువందల రాళ్లు! అవి నిజంగా తక్కువగా ఉండి కాదు, చిన్నవి కావడం వల్ల కంటికి చిక్కక.

అక్కడ ఎవరైనా ఉన్నారా?

ఈ సంగతులు చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఇదే. నిజం చెప్పాలంటే, ఇప్పటిదాకా ఎక్కడా ఎవరూ దొరకలేదు. ట్రాపిస్ట్ గ్రహాల్లో అన్నిటికంటే లోపల ఉన్నదాన్ని 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూస్తే, దాని మీద గాలిపొర ఉన్న జాడే లేదు. వేడి సుమారు 230 డిగ్రీలు. ఉత్త పెనం! బయటి గ్రహాల సంగతి ఇంకా తేలాల్సి ఉంది.

ఆ మధ్య 'కె2-18బి' అనే గ్రహం పేరు పత్రికల్లో మారుమోగింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న మన దేశస్థుడు నిక్కు మధుసూదన్, ఆయన బృందం అక్కడి గాలిలో మన భూమి మీద జీవం వల్ల పుట్టే పదార్థం జాడ ఉండొచ్చని 2025 ఏప్రిల్లో చెప్పారు. మిగతా శాస్త్రవేత్తలు చాలామంది ఆ ఆధారం చాలదన్నారు. అది రాతి గ్రహం కూడా కాదు, భూమికి రెండున్నర రెట్లకు పైగా పెద్దది. వాదన నడుస్తోంది, నడవనిద్దాం. పెళ్లిచూపులు చూడగానే లగ్నపత్రిక రాసేయకూడదు కదా!

పోనీ వెళ్లి చూసి వద్దామా అంటే, అన్నిటికంటే దగ్గరగా ఉన్న పరాయి గ్రహం 'ప్రాక్సిమా బి'. 2016లో దొరికింది. బరువు చూస్తే రాతిదే కావచ్చు. 4.24 కాంతి సంవత్సరాలు, అంటే సుమారు నలభై లక్షల కోట్ల కిలోమీటర్లు. సెకనుకి 17 కిలోమీటర్లు పరుగెత్తే వాయేజర్ నౌకకి అంత దూరం పోవడానికి 75 వేల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి మనం ఉన్న ఇంటినే చక్కగా చూసుకోవడం మంచిది! ఆరు వేల లోకాలు వెతికినా ఇంకా ఇలాంటి ఇల్లు రెండోది దొరకలేదంటే, మన బావీ మన చెరువూ ఎంత విలువైనవో ఆ లెక్కే చెబుతోంది.

రాత్రి ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా అమ్మాయి రాత్రి భోజనమయ్యాక డాబా ఎక్కుతుంది. పది నిమిషాలు కాకముందే కింద నుంచి మా అత్తయ్య కేక. "చీకట్ల ఆడపిల్లకు మిద్దె మీద ఏం పనే? పురుగూ పుట్రా ఉంటది, కిందికి రమ్మను." పక్కింటావిడ గోడ మీంచి నవ్వుతూ, "అమ్మాయి రోజూ పైనే ఉంటోంది, ఏంటి విశేషం?" అంటారు. అందులో అర్థం మీకు విప్పి చెప్పక్కర్లేదు. అదే మా మరిది కొడుకు వచ్చి పదకొండింటిదాకా పైన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే, ఎవరూ ఏమీ అడగరు.

చుక్కల శాస్త్రానికి కావలసిన మొదటి వస్తువు టెలిస్కోపు కాదమ్మా, రాత్రి! ఆ రాత్రే ఆడపిల్లకి దొరకడంలేదు. ఇది మన ఊళ్లోనే అనుకోకండి. 1950లలో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఆడవాళ్లకి పరిశీలన సమయం ఇచ్చేవారు కాదు. మార్గరెట్ బర్బిడ్జ్ అనే గొప్ప శాస్త్రవేత్త తన భర్త పేరు మీద సమయం తీసుకుని, ఆయన సహాయకురాలినన్నట్టు వెళ్లి, పని తానే చేసుకొచ్చేది. పాలొమార్ వేధశాలలో అధికారికంగా పరిశీలన చేసిన మొదటి మహిళ వేరా రూబిన్, అదీ 1965లో. అక్కడున్న ఒక్క మరుగుదొడ్డీ మగవాళ్లదే. ఆవిడ కాగితంతో చిన్న గౌను బొమ్మ కత్తిరించి, తలుపు మీది మగబొమ్మకి అంటించేసిందట! వీళ్లిద్దరూ అలా తలుపులు తోశారు కాబట్టే, నటాలీలూ ఎలీసాలూ బృందాలకి నాయకులయ్యారు.

ఇంకో ఆవిడ గురించి చెప్పాలి. సారా సీగర్. పరాయి గ్రహాల గాలిని ఎలా పరీక్షించాలో దారి చూపినవారిలో ముఖ్యురాలు. 2011లో ఆమె భర్త క్యాన్సర్‌తో పోయారు. ఇద్దరు చిన్న పిల్లలు. అప్పటిదాకా వంటా, సరుకులూ, ఇంటి వ్యవహారాలన్నీ ఆయనే చూసుకునేవారు. అన్ని కాంతి సంవత్సరాల దూరం లెక్క కట్టగలిగిన మనిషికి ఇల్లు గడిపే లెక్క తెలియలేదు! ఆ ఊళ్లోని భర్త పోయిన ఆడవాళ్లే ఆమెని తమలో కలుపుకుని నిలబెట్టారు. తర్వాత 2020లో తన జీవితాన్ని ఆమె పుస్తకంగా రాశారు. మనం రోజూ చేసే పని ఎంత పెద్ద విద్యో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇల్లు నడిపే బుద్ధీ, గ్రహాన్ని పట్టే బుద్ధీ వేరువేరు జాతులేం కావు.

మన దేశం మాటకొస్తే, 2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రానికీ దాని గ్రహానికీ పేరు పెట్టే అవకాశం ఇచ్చింది. మన దేశం ఆ నక్షత్రానికి 'బిభా' అని పేరు పెట్టింది. భౌతికశాస్త్రంలో గొప్ప పని చేసి, బతికుండగా తగిన గుర్తింపు పొందని బిభా చౌధురి పేరది. గ్రహానికి 'సంతమస' అని పేరు. అది వాయుగోళమే, రాతిది కాదు. అయినా ఒక భారతీయ స్త్రీ పేరుతో ఆకాశంలో ఒక సూర్యుడు ఉన్నాడని మన పిల్లలకి చెప్పుకోవచ్చు కదా!

మా అత్తయ్యని ఒకరోజు అడిగాను, "మీ చిన్నప్పుడు చుక్కలు చూసేవారా?" అని. ఆవిడది నల్గొండ వైపు పల్లె. "చూడకుంటే ఎట్ల బిడ్డా? మాకు గడియారం యాడిది? పిల్లలకోడి, గొర్రుకొయ్యలు యాడికొచ్చినయో చూసి పొద్దు తెలుసుకునేటోళ్లం. వేగుచుక్క పొడవంగనే లేచి సానుపు చల్లేటోళ్లం. ఇంకా చీకటుండంగనే కలుపుకు పోయేటోళ్లం" అన్నారు.

చూశారా! పనికి పోవడానికైతే ఆడదానికి చీకటి అడ్డు రాలేదు. వాకిలి ఊడవడానికీ, పొలం పోవడానికీ పనికొచ్చిన రాత్రి, ఊరికే తలెత్తి చూడ్డానికి ఎందుకు పనికిరాదు? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు దేశవిదేశాల శాస్త్రవేత్తలు రంగాపూర్‌కి తరలివచ్చారు. అదే సమయంలో మలక్‌పేటలో మా అమ్మ, అప్పటికి పెళ్లికాని పిల్ల, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని ఇంట్లో కూర్చుందట. అంత దగ్గర్లో అంత వింత జరిగినా ఆవిడ చూడలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ అమ్మ గొంతు మారుతుంది.

అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. మా అమ్మాయిని కిందికి పిలవడం మానేసి, నేనే చాప తీసుకుని పైకి వెళ్తున్నాను. తల్లి పక్కనుంటే గోడ మీది ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేరు. కానీ "పిల్లలకోడి కనబడ్డదా?" అని కింద నుంచే అడుగుతున్నారు.

మీ డాబా మీంచి...

మీరూ ఒక చాప తీసుకెళ్లండి. మెట్ల దగ్గర లైటు ఆర్పి, ఒక పావుగంట కళ్లకి చీకటి అలవాటు కానివ్వండి.

బతుకమ్మ రోజుల్లో మనం ఎలాగూ రాత్రి ఆరుబయటే ఉంటాం. అమావాస్యతో మొదలయ్యే పండగ కాబట్టి వెన్నెల బాధ కూడా తక్కువ. మబ్బు లేకపోతే రాత్రి ఎనిమిది గంటలకి ఉత్తరం వైపు తిరిగి తల బాగా ఎత్తండి. వాయవ్యం వైపు మెరిసే తెల్లని చుక్క అభిజిత్తు. దానికీ, ఉత్తరాన నడినెత్తికి కాస్త దిగువగా ఉండే హంస నక్షత్రాలకీ మధ్య మీ అరచేయి పెట్టండి. కెప్లర్ నాలుగేళ్లు చూసింది ఆ అరచేయంత మేరనే. ఆ చేతికింద వేల లోకాలున్నాయి.

మే నెలాఖరులో రాత్రి పది, పదిన్నరకి దక్షిణం వైపు చూడండి. దిగువన ఇళ్ల కప్పుల మీదుగా త్రిశంకు నక్షత్రాలు కనిపిస్తాయి. వాటికి ఎడమవైపు రెండు కాంతివంతమైన చుక్కలు. బాగా ఎడమనున్నది ఆల్ఫా సెంటారి. ప్రాక్సిమా కంటికి కనిపించదుగానీ, ఆ పక్కనే ఉంది. విశ్వామిత్రుడు త్రిశంకు కోసం ఇంకో లోకం సృష్టించాడని కథలో చదువుకున్నాం. మనకి తెలిసిన అతి దగ్గరి పరాయి లోకం ఆ దిక్కునే దొరకడం భలే ముచ్చట!

సెలవుల్లో పిల్లల్ని నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్ గోడల నిండా ఇంజనీరింగూ, మెడిసినూ కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి. వాటి మధ్య ఖగోళశాస్త్రం అనే మాట కనబడదు. కానీ ఉస్మానియాలో దానికి విడిగా ఒక శాఖే ఉంది. ఫిజిక్సూ లెక్కలూ ఇష్టపడే అమ్మాయికి ఆ దారి కూడా ఉందని చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరైనా ఉండాలి. ఆ ఒక్కరూ మనమే ఎందుకు కాకూడదు?

ఆరు వేల గ్రహాల్లో రాతివి రెండువందలే దొరికాయి. మిగతావి ఎవరో ఒకరి కన్ను కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ కన్ను మీ ఇంట్లోనే, మీ డాబా మీదే ఉండొచ్చు. 'రాత్రిపూట పైన ఏం పని?' అని ఈసారి ఎవరైనా అడిగితే, 'రాళ్లేరుతోందండీ!' అని చెప్పండి. ఏమంటారు?